మాత్రలక్క పేరు

నాలుగో గుటక వినబడలేదు.

ఆమె రిసీవరును ఎడమ చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకుంది. అవతల గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడు, ఆ తర్వాత లేత్ మిషను పనివాడి దగ్గు, అబద్ధం చెప్పబోయే ముందు మనిషి తీసుకునే చిన్న ఊపిరి.

"అయిపోయిందక్కా. మింగేశా."

"మూడే మింగావు. నాలుగోది చేతిలో ఉందా, జేబులో వేశావా?"

"అబ్బ! అక్కణ్ణించి నీకెలా కనబడుతుందక్కా?"

"కనబడదు, వినబడుతుంది. గ్లాసు మళ్లీ తియ్యి."

గ్లాసు లేచింది, గుటక పడింది. అది మాత్రతో పడిన గుటకో, ఉత్త నీళ్ల గుటకో కూడా ఆమె చెప్పగలదు. మాత్ర ఉంటే గొంతు ఒక్క క్షణం ఆగి బరువు దించుతుంది. ఉత్త నీళ్లు ఆ తడబాటు లేకుండా జారిపోతాయి. రిజిస్టరులో అతని వరస ఎదురుగా టిక్కు పెట్టి ఆమె తర్వాతి నంబరు నొక్కింది.

ఛాతీ వ్యాధుల ఆసుపత్రిలో మందుల గదిని ఆనుకుని ఉన్న ఆ గది నిజానికి గది కాదు. వరండా చివర రెండు చెక్క పలకలు అడ్డం పెట్టి, ఒక తలుపు బిగించి, గది అనుకోమన్నారు. అందులో ఒక బల్ల, ఒక కాలు పొట్టిదైన కుర్చీ, పొట్టికాలి కింద మడిచిపెట్టిన మాత్రల అట్టపెట్టె, గోడకు ఫోను తీగ. ఆమెకు యాభైయ్యారేళ్లు. పొట్టి మనిషి, భుజాలు కొంచెం ముందుకు వంగి ఉంటాయి. పద్దెనిమిదేళ్లు రిసీవరు ఒత్తుకుని ఒత్తుకుని కుడిచెవి మొద్దుబారింది కనుక నాలుగేళ్ల కిందట ఎడమ చెవికి మారింది. చెవులు రెండే ఉన్నాయి కాబట్టి దీన్ని జాగ్రత్తగా వాడుకోవాలని వదినతో అంటూ ఉంటుంది.

ఆమె పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. క్షయకు ఆర్నెల్లు మందు వాడాలి. రెండో నెలకల్లా దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, మనిషి అద్దంలో తన బుగ్గలు చూసుకుని మురిసిపోయి మాత్రలు మానేస్తాడు. మానేసినవాడికి రోగం మళ్లీ వస్తుంది, ఈసారి ఆ మాత్రలకు లొంగదు. అందుకని ఆమె రోజూ డెబ్భై మందికి ఫోన్ చేసి, తన చెవి సాక్షిగా నాలుగు మాత్రలూ మింగిస్తుంది. జీతాల పట్టీలో ఆమె హోదా ఏమిటో ఆసుపత్రిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. రోగులకు మాత్రం ఆమె మాత్రలక్క. ఇరవై రెండేళ్లలో ఒక్కరూ ఆమె అసలు పేరు అడగలేదు. ఆమెకూ చెప్పాలని తోచలేదు.

ఈ రెండేళ్లుగా ఆ చిన్న పనికే ఎసరు వచ్చింది. జనం తెలియని నంబరు ఎత్తడం మానేశారు. పొద్దున్న చేస్తే అప్పు ఇస్తామనేవాళ్లనుకుంటారు, మధ్యాహ్నం చేస్తే లాటరీ తగిలిందనేవాళ్లనుకుంటారు. రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన ఆమెను మోసగత్తె అనుకుని ఐదు నిమిషాలపాటు ఊపిరి తిప్పుకోకుండా తిట్టాడు. ఆమె మొత్తం విని, "ఊపిరి బాగా అందుతోంది మాస్టారూ, మందు పనిచేస్తున్నట్టే. ఇక మాత్రలు తియ్యండి" అంది. విసిగిపోయిన కొందరు ఫోనులో 'మోసం' అని ఫిర్యాదు చేసే ఎర్ర మీట నొక్కేసరికి, ఆసుపత్రి నంబరు ఎవరికి వెళ్లినా 'అనుమానిత కాల్' అని ఎర్రగా పడటం మొదలైంది. ఆ మాట మొదటిసారి విన్నరోజు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

అందుకే ఆ ఉదయం తొమ్మిదింటికి ఫోను కంపెనీ కుర్రమెకానిక్కు సంచీ తగిలించుకుని వస్తే, సూపరింటెండెంటు గారు స్వయంగా వెంట వచ్చారు. కంపెనీ కొత్త ఏర్పాటు చేసింది. ఎవరి నంబరు ఏ పేరు మీద రిజిస్టరయి ఉందో కాగితాలు చూసి నిర్ధారించుకుని, ఫోను మోగినప్పుడు ఆ పేరే అవతలి తెర మీద చూపిస్తుంది.

"ఇక మనల్ని దొంగలనుకునేవాడు ఉండడు," అన్నారు సూపరింటెండెంటు, చేతులు రుద్దుకుంటూ.

మెకానిక్కు తన ఫోనుకు చేయించి చూపించాడు. తెర నిండా పెద్ద అక్షరాలు: ఛాతీ వ్యాధుల ఆసుపత్రి. పక్కన పచ్చ టిక్కు.

ఆమె వెంటనే పదహారు రోజులుగా ఫోను ఎత్తని వాచ్‌మన్‌కు చేసింది. రెండో రింగుకే ఎత్తాడు. "ఆసుపత్రి అని పడిందమ్మా, అందుకే ఎత్తా. ఇన్నాళ్లూ మీరేనా? ఎవరో అనుకుని కోసేస్తున్నా." అతను నాలుగు మాత్రలూ మింగాడు, నాలుగు గుటకలూ వినబడ్డాయి. ఆమెకు నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ సంతోషంలో మెకానిక్కుకు రెండుసార్లు మంచినీళ్లు ఇచ్చింది.

తర్వాతి పేజీ తిప్పాకే ఆమె చెయ్యి ఆగింది. ఆ పేజీలో కొన్ని పేర్ల పక్కన పెన్సిలు చుక్కలున్నాయి.

మొత్తం పదకొండు చుక్కలు. రోగం సంగతి ఎవరికీ తెలియకూడదనుకునేవాళ్లు. పొరపాటున వేరేవాళ్లు ఫోనెత్తితే ఏం చెప్పాలో ఒక్కొక్కరితో ఆమె ముందే మాట అనుకుంది. స్కూలు వ్యాను డ్రైవరుకు ఆమె పంక్చరు షాపు. వంటమనిషికి గ్యాసు కంపెనీ. రెడీమేడ్ బట్టల దుకాణంలో పనిచేసే పిల్లకు కళ్లజోళ్ల దుకాణం. ఈ పదకొండు వ్యాపారాలూ ఆమె తడబడకుండా నడుపుతుంది. ఒకసారి పంక్చరు ధర మీద ఎవరో బేరమాడితే తగ్గించింది కూడా.

"వీళ్లు నా నంబరు వేరే పేరుతో దాచుకున్నారనుకో. అప్పుడేం పడుతుంది?" అని అడిగింది మెకానిక్కును.

"వాళ్లు పెట్టుకున్న పేరు పడుతుందమ్మా. దాని కింద అసలు పేరు కూడా పడుతుంది. లేకపోతే ఇక నిర్ధారణ ఎందుకు?" అన్నాడతను. "ఇప్పుడు కొన్ని ఫోన్లలోనే పడుతోంది, పన్నెండింటి నుంచి అందరికీ."

మిగతా పది మందివీ పొద్దుటి కాల్సే, మెకానిక్కు రాకముందే అయిపోయాయి. దుకాణం పిల్లది మాత్రం రెండింటికి. ఆ దుకాణంలో పనిలోకి రాగానే అమ్మాయిలందరూ ఫోన్లు గల్లాపెట్టె పక్కన ప్లాస్టిక్ ట్రేలో పెట్టాలి, తెర పైకి కనబడేలా. మోగితే యజమానురాలు తెర చూసి, పేరు పైకి చదివి, అప్పుడు పిలుస్తుంది. ఆ ఫోను వంకనే పిల్ల వెనక మెట్ల మీదికి వెళ్లి మాత్రలు వేసుకుంటుంది. ఫోను రాకపోతే కౌంటరు వదలడానికి లేదు. పొద్దున్నా రాత్రీ కుదరదు, ఒక్క గదిలో నలుగురితో ఉంటుంది. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే రోగం ఎవరికీ అంటదని డాక్టరు రాసిచ్చాడు. కానీ ఆ కాగితం చూపించాలంటే రోగం ఉందని ముందు చెప్పాలి. ఇంకా ఇరవై ఆరు రోజుల మందు మిగిలింది. "ఎవరికైనా తెలిసిందో, మాత్రలు పారేసి ఎటైనా వెళ్లిపోతా అక్కా" అని ఆ పిల్ల మొదట్లోనే చెప్పింది. అన్నంత పనీ చేసే రకం.

సూపరింటెండెంటు చెడ్డవారేం కాదు. ఆమె చెప్పింది మొత్తం నిలబడే విన్నారు.

"రోగం దాచుకోవడం తప్పు కదమ్మా. దాచేకొద్దీ జనానికి భయం పెరుగుతుంది."

"నిజమే సార్. ఆ మాట దుకాణం ఆవిడకి చెప్పాలి. పిల్లకి చెప్పి ఏం లాభం?"

ఆయన గడ్డం గోక్కున్నారు. "తెర మీద ఏ పేరు పడాలన్నది మన చేతుల్లో లేదు. కంపెనీలో పేర్ల సెక్షను ఉందట. కావాలంటే వెళ్లి అడుగు."

ఆమె పన్నెండున్నరకు బస్సెక్కింది. భోజనం డబ్బా బల్ల మీదే మర్చిపోయింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కంపెనీవాళ్లతో ఏం మాట్లాడాలో అనుకుంటూ ఉంటే, పాత కార్డొకటి గుర్తొచ్చింది. ఆమెకు పందొమ్మిదేళ్లప్పుడు వచ్చిన కార్డు. అప్పుడు ఆమే రోగి. టైపు నేర్చుకుంటూ, సాయంత్రాలు వీధి పిల్లలకు లెక్కలు చెబుతూ, మూడో నెలలో రెండు వారాలు మందుకు వెళ్లలేదు. ఆసుపత్రివాళ్లు మంచికే ఒక కార్డు ముక్క రాసి పడేశారు, వెంటనే వచ్చి మందు తీసుకోమని. కవరు లేదు. పైన ఆసుపత్రి పేరు నల్లగా అచ్చు వేసి ఉంది. పోస్ట్‌మన్ చదివాడు, కింది వాటా వాళ్లు చదివారు, వాళ్ల నోట వీధి మొత్తం చదివింది. మర్నాటి నుంచి లెక్కలకు ఒక్క పిల్ల రాలేదు. ఇంటివాడు చాలా మర్యాదగా, నెలాఖరుకు ఇల్లు కావాలన్నాడు. నాన్న మూడిళ్లు మారాడు. పెళ్లి సంగతి ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. కొత్తగా కాపురానికి వచ్చిన వదిన ఒక్కతే ఆమె తాగిన గ్లాసులో మిగిలిన నీళ్లు తాగేసి, "దాహమేసింది, ఏమైతే అదవుతుంది" అంది. అన్న పోయాక కూడా ఆమె వదినతోనే ఉంటోంది.

ఆ కార్డు రాసినవాళ్ల మీద ఆమెకు కోపం లేదు. కానీ అలాంటి కార్డు తన చేత్తో ఇంకొకరికి వేయడం మాత్రం ఆమె వల్ల కాదు. బస్సు దిగేసరికి ఆ సంగతి తేలిపోయింది.

పేర్ల సెక్షను మూడో అంతస్తులో ఉంది. గాజు పలక వెనక సన్నటి గుమాస్తా, దరఖాస్తులో ఒక్కొక్క వరస కింద స్కేలు పెట్టి చదువుతున్నాడు. ఆమె చెప్పింది విని, ఆసుపత్రి కాగితాలు తీసి, వాటి కింద కూడా స్కేలు పెట్టాడు.

"కాగితంలో ఉన్నదే తెర మీద పడాలి."

"పొట్టిగా 'ఆసుపత్రి' అని వేసినా చాలు కదండీ."

"ఏ ఆసుపత్రి? రేపు ఇంకొకడొచ్చి 'బ్యాంకు' అని మాత్రం వెయ్యమంటాడు."

"పోనీ, కళ్లజోళ్ల దుకాణం?" అంది ఆమె. నవ్వులాటకే అంది, ఆశ కూడా లేకపోలేదు.

గుమాస్తా స్కేలు కింద పెట్టాడు. "మా అమ్మకి ఒకడు ఫోన్ చేసి నాకు యాక్సిడెంటైందన్నాడండీ. ఆసుపత్రి నుంచే అన్నాడు. ఆవిడ ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేసింది. ఇప్పుడు నేను చేసినా ఎత్తదు, మోగుతుంటే చూస్తూ కూర్చుంటుంది. అబద్ధప్పేరు నాచేత రాయించకండి."

ఆమెకు ఇక వాదించబుద్ధి కాలేదు. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, అదే చిక్కు. గోడ గడియారం చూసింది. రెండుకు రెండు నిమిషాలు తక్కువ. ఆసుపత్రికి తిరిగి వెళ్లి చేద్దామన్నా టైము లేదు, ఉన్నా ఆ నంబరు నుంచి చెయ్యకూడదు. సంచీలోంచి తన సొంత ఫోను తీసింది. వదినకు తప్ప ఎవరికీ పెద్దగా చేసింది లేదు దాన్నుంచి. గాజు పలక ముందే నిలబడి నంబరు నొక్కింది.

యజమానురాలే ఎత్తింది. "ఎవరండీ?" అంటూనే తెర మీద పడిన పేరు ఇంటిపేరుతో సహా చదివింది. ఇన్నేళ్ల తర్వాత తన పేరు పరాయి గొంతులో మొత్తంగా వినబడేసరికి ఆమె తడబడింది. ఇక్కడ పంక్చరు షాపు పనికిరాదు, కళ్లజోళ్లూ పనికిరావు. మనిషి పేరు పడింది కాబట్టి మనిషిగానే మాట్లాడాలి.

"ఈ ఫోను అమ్మాయి పెద్దమ్మనండీ. ఒక్కసారి పిలుస్తారా?"

ఫోను చేతులు మారింది. "హలో? ఎవరు?" పిల్ల అనుమానంగా అడిగింది. ఆ పేరుగల పెద్దమ్మ ఆ పిల్లకు లేదు మరి.

"నేనే. మెట్ల మీదికి నడువు."

అవతల చెప్పుల చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. "అక్కా! నువ్వా? నీ పేరు అదా?" అని పిల్ల నవ్వేసింది. "ఆవిడ చదివితే ఎవరో టీచరమ్మ అనుకున్నా."

"నవ్వింది చాలు. సీసా తియ్యి."

ఆమె కళ్లు మూసుకుంది. ఒకటి. రెండు. మూడో మాత్ర కొంచెం ఆగింది, ఆ పిల్లకు మూడోదెప్పుడూ ఆగుతుంది. నాలుగు. ఆమె కళ్లు తెరిచేసరికి గుమాస్తా ఆమెనే చూస్తున్నాడు.

"పెద్దమ్మ అన్నారు," అన్నాడు.

"అన్నాను."

అతను స్కేలు అటూ ఇటూ జరిపాడు. "అది మీ నోటి మాట, మా సెక్షనుది కాదు. పేరైతే నిజమే పడింది." మళ్లీ అన్నాడు: "మనిషి పేరు మీదున్న నంబరుకి మనిషి పేరే పడుతుందండీ. దానికి నా సంతకం కూడా అక్కర్లేదు."

తిరుగు బస్సులో ఆమె కూర్చోలేదు. సీటున్నా నిలబడే ఉంది.

సూపరింటెండెంటు మాత్రం ఒప్పుకోలేదు. "సొంత నంబర్ల నుంచి ఆసుపత్రి మాట చెప్పేవాళ్లే కదమ్మా మోసగాళ్లు. వాళ్లని ఆపడానికేగా ఇదంతా. ఉద్యోగులు రోగులకి చేస్తే ఆసుపత్రి నంబరు నుంచే చెయ్యాలి. ఇది పై నుంచి వచ్చిన ఉత్తర్వు. పదకొండు మంది కోసం మార్చలేను."

"ఉద్యోగులు కానివాళ్లో?"

"కానివాళ్లతో మనకేం పని?"

ఆమె మందుల గదిలోంచి ఒక ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. రోగి ఒప్పుకుంటే బంధువో, పొరుగువారో, ఎవరైనా దగ్గరుండి మాత్రలు వేయించవచ్చు. అలాంటి సహాయకుల కోసం ఏనాడో అచ్చు వేయించిన ఫారం అది. చివరి వరస కింద వేలు పెట్టి చూపించింది: ఆసుపత్రి ఉద్యోగులు అనర్హులు.

ఆయన ఆ వరస రెండుసార్లు చదివారు. ఆమె మొహం చూశారు. "పిచ్చి పట్టిందా ఏంటి? ఇంకో రెండేళ్లుంటే నిండుగా పింఛను వస్తుంది."

"ఆ పిల్లకి రెండేళ్లు లేవు సార్. ఇరవై ఆరు రోజులే ఉన్నాయి."

"సరే, ఆ పిల్లది అయిపోతుంది. తర్వాత?"

"వ్యాను డ్రైవరుకి మూడు నెలలు. వంటమనిషికి ఐదు. వాళ్లయ్యేలోపు ఇంకో పదకొండు మంది వస్తారు. చుక్కలు ఎప్పుడూ ఉంటాయి సార్, నేను చూస్తూనే ఉన్నాగా."

ఆయన ఇంకా చాలా చెప్పారు. రాత్రి ఆలోచించుకోమన్నారు, ఇంట్లో అడగమన్నారు, సెలవు పెట్టమన్నారు. సెలవులో ఉన్నా ఉద్యోగే కదా అని ఆమె అడిగింది. చివరకు ఆయన తన కలమే ఇచ్చారు. ఆమె రెండు వరసల రాజీనామా కాగితం రాసింది, సంతకం చేసింది. భయం మాత్రం వేసింది.

మిగిలిన యాభై తొమ్మిది మంది సంగతి నర్సుకు అప్పజెప్పడానికి గంట పట్టింది. లేత్ మిషను వాడి నాలుగో మాత్ర, మాస్టారి కోపం, వాచ్‌మన్ నిద్ర వేళలు. నర్సు అన్నీ రాసుకుని, "గుటకలు నాకు వినబడవక్కా" అని బావురుమంది. "వినబడతాయి. వారం రోజులు పడుతుంది. కుడిచెవితో మొదలుపెట్టు, ఎడమది దాచుకో," అందామె.

నాలుగున్నరకు గేటు బయట సిమెంటు బల్ల మీద కూర్చుని ముందు వదినకు చేసింది.

"వదినా, రేపట్నుంచి ఇంట్లోనే ఉంటా."

"ఏమే, గెంటేశారా?"

"నేనే వచ్చేశా. ఫోన్లు మాత్రం ఇంట్లోంచి చేస్తా."

"అయితే పొద్దున్నే ఆ గుటకల గోల నా చెవిన కూడా పడుతుందన్నమాట," అంది వదిన. "సరే. చీకటి పడకముందే రా."

తర్వాత ఆ పదకొండు నంబర్లకూ వరసగా చేసింది. అన్నీ ఆమెకు నోటికి వచ్చు. రోగి గొంతు వినబడ్డాకే, ముందుగా తన పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. ఇక నుంచి తెర మీద ఈ పేరే పడుతుందనీ, ఎవరైనా అడిగితే బంధువునని చెప్పమనీ, ఏం బంధువో ఎవరికి వాళ్లు ఇప్పుడే తేల్చుకోమనీ చెప్పింది. పదిమందీ సరేనన్నారు. వ్యాను డ్రైవరు ఆమెను మేనత్తను చేసుకున్నాడు. వంటమనిషి వయసు లెక్కపెట్టి తోడికోడల్ని చేసుకుంది. దుకాణం పిల్ల ఫోను ఇంకా ట్రేలోనే ఉంది. యజమానురాలే ఎత్తి, "పెద్దమ్మగారా, ఉండండి, పిలుస్తా" అంది.

ఐదింటికి గది తాళం వేయడానికి నర్సు వచ్చింది. దీపం ఆర్పబోతూ ఆగింది. బల్ల మీద, తెల్ల నాడా చుట్టి పెట్టిన మాత్రలక్క గుర్తింపు కార్డు ఉంది. దాని మీద ఆసుపత్రి పేరు నల్లగా, అక్షరం చెదరకుండా ఉంది. ఇరవై రెండేళ్లు గుండెకు రాసుకుని రాసుకుని, కింద ఉండాల్సిన మనిషి పేరు మాత్రం చెరిగిపోయి, అక్కడ ఒట్టి తెల్లటి గీత మిగిలింది.